వార్డులో పెట్టే బీపీ యంత్రం రంగులు చూపాలా, అంకెలు పలకాలా?

ప్రశ్న (పటమట, విజయవాడ):
జనం తామే వచ్చి బీపీ చూసుకునేందుకు మా వార్డులో ఒక యంత్రం పెట్టించాలనుకుంటున్నాం. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలుంటే చాలునని, చదువురాని పెద్దవాళ్లను అంకెలతో ఇబ్బంది పెట్టవద్దని నా అభిప్రాయం. 140/90 అంటే ఏమిటో తెలియకపోయినా, ఎరుపు వెలిగితే డాక్టరుకు చూపించుకోవాలని ఎవరికైనా తెలుస్తుంది కదా.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు, నర్సు):
దీనితో నేను ఏకీభవించలేను. చదువు రానివారికి లెక్క కూడా రాదనుకోవడం అన్యాయం. మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, క్వింటా ధర నోటితోనే తేల్చే మనిషికి, యంత్రం తెలుగులో "పైది నూట యాభై రెండు, కిందిది తొంభై ఆరు" అని పలికితే తప్పక గుర్తుంటుంది. రంగు ఒక్కటే చూపితే 142కీ 178కీ ఒకే ఎరుపు. మాత్రలు మొదలుపెట్టాక 178 నుంచి 150కి దిగిన మనిషి, మళ్లీ ఎరుపే కనబడటంతో మందు పనిచేయడం లేదనుకుని మానేసే ప్రమాదం ఉంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పుట్టుకతోనే తెలియని మగవాళ్లూ ఉన్నారు. రంగు అసలే వద్దనడం లేదు, అంకెకు తోడుగా ఉండాలంటున్నాను.

దీపాల మీద ఇంత చర్చ జరుగుతుంటే, చేతికి చుట్టే పట్టీ మాట ఎవరూ ఎత్తకపోవడం నన్ను ఇంకా బాధిస్తోంది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. నడిచి రాగానే, అయిదు నిమిషాలైనా కూర్చోకుండా, చేయి గుండె ఎత్తున ఆనించకుండా కిందికి వేలాడేసి, పక్కవారితో మాట్లాడుతూ చూసుకున్నా అంతే. అందువల్ల వీపు ఆనే కుర్చీ, తగిన ఎత్తున బల్ల, రెండు మూడు సైజుల పట్టీలు కూడా యంత్రంలో భాగమేనని లెక్కవేసుకోవాలి. పక్షవాతంతో ఒక చేయి పడిపోయినవారు పట్టీ తామే చుట్టుకోలేరు. చేయి దూర్చే గొట్టం రకం వారికి సులువే గాని, మరీ లావు చేతులు అందులో పట్టవు. కాబట్టి పక్కన తెలిసిన మనిషి ఒకరు ఉండాలి.

అభ్యంతరం (కృష్ణలంక, విజయవాడ):
గట్టిగా పలికితే వరుసలో ఉన్నవారందరికీ వినబడుతుంది. బీపీ ఉందని యజమానికి తెలిస్తే బండి ఇవ్వడేమోనని భయపడే ఆటోనగర్ డ్రైవరు ఆ యంత్రం దగ్గరకే రాడు.

జవాబు (నర్సు):
ఈ అభ్యంతరం న్యాయమైనది. పాత టెలిఫోనుకున్నట్టు చెవికి ఆనించుకునే రిసీవరు పెడితే ఆ మాట అతనికే వినబడుతుంది. ఒక్కసారి చూసి బీపీ అని తేల్చరు, వేర్వేరు రోజుల అంకెలు డాక్టరుకు కావాలి. యంత్రం ఇచ్చే చీటీ మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది గనుక, తేదీతో సహా రాసుకోవడానికి ఒక అట్టకార్డు ఇవ్వండి. 180/120 దాటితే మాత్రం కాసేపు ఆగి మళ్లీ చూసుకోమని, అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లమని, ఛాతీ నొప్పి గాని మాట తడబడటం గాని ఉంటే ఆగకుండా 108కి ఫోన్ చేయమని యంత్రమే తెలుగులో చెప్పాలి.