వలలో తాబేలు పడితే వల కోసేస్తున్నాం. కొత్త వల ఎవరు కొనిస్తారు?

భైరవపాలెం కుర్రోడు:
మాది చిన్న ఫైబర్ బోటు. జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి, మాకూ అప్పుడే వేట. మొన్న మా మావయ్య వలలో ఒకటి చిక్కింది. వల కోసి వదిలేశాడు. బతికి వెళ్ళింది, సంతోషమే. ఇప్పుడు వల కోసం అప్పు చెయ్యాలి. తాబేలు పులితో సమానం, వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది, చంపితే జైలు అని మీటింగులు పెట్టి చెబుతారు. వల సంగతి ఎత్తితే మాట మార్చేస్తారు. మీలో ఎవరికైనా నష్టపరిహారం వచ్చిందా?

అంతర్వేది అల్లుడు:
మా వైపు ఎవరికీ వచ్చినట్టు వినలేదండి. మహారాష్ట్రలో ఇస్తున్నారు. 2018 డిసెంబరు నుంచి, తాబేలు గానీ తిమింగల సొర గానీ చిక్కితే వల కోసి వదిలినవాళ్ళకి 25,000 రూపాయల వరకు. వదులుతున్నప్పుడు ఫొటోనో వీడియోనో తీసి పంపాలి. అక్కడ ఇచ్చేది ఇక్కడ ఎందుకు ఇవ్వకూడదు?

జగన్నాథపురం:
చిన్న బోట్లను అడిగేముందు ట్రాలర్ల (వల లాక్కుంటూ పోయే మరబోట్ల) సంగతి చూడాలి. తాబేలు ఊపిరికి పైకి రావాలి కదా. వలను గంటల తరబడి లాగుతుంటే లోపలే చస్తుంది. మరబోట్లు ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని రూలుంది. రాత్రిపూట వచ్చి చూడండి, తెలుస్తుంది.

మరబోటు ఓనరు:
అందరినీ ఒకే గాటన కట్టకండి. తాబేలు బయటపడే టెడ్ అనే చట్రం ట్రాల్ వలకి పెట్టుకోవచ్చు. రొయ్య కూడా జారిపోతుందని మావాళ్ళ భయం, కొంత జారుతుంది కూడా. కానీ అది లేదనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్య కొనడం మానేసింది. చెరువు రొయ్యకి ఆ బాధ లేదు.

చెరువుగట్టు:
ఆయ్, చెరువువాళ్ళకి బాధల్లేవని ఎవరన్నారు? నీటికుక్కలు గుంపుగా దిగితే ఆ రాత్రికి చేపల చెరువు సగం ఖాళీ. చేపలు పట్టే బావురు పిల్లి ఒక్కటే వస్తుంది, అదంత నష్టం చెయ్యదు. కాపలావాళ్ళు మాత్రం రెండింటికీ ఉచ్చులు పెడతారు. గట్టు మీద కరెంటు తీగ లాగితే మనుషులు కూడా పోతారు. నేను చుట్టూ నైలాన్ వల కట్టి, కింది అంచు మట్టిలో పూడ్చాను. ఖర్చు నాదే. చాలావరకు ఆగాయి.

కోరంగి పిట్ట:
1978లో మా పక్క మడ అడవిని అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు. కట్టెపుల్ల తెస్తే తప్పు, గేదెను తోలితే తప్పు. గ్యాసు వచ్చాక కట్టెల గొడవ తగ్గింది, మేత గొడవ అలాగే ఉంది. అడవి నరికింది మేమేనట! చెరువుల కోసం మాయమైన మడ మాటెత్తరు (చెరువుగట్టుగారూ, మిమ్మల్ని కాదు). మంచీ చెప్పాలి. ఉప్పు తేలి చచ్చిపోయిన నేలలో పోటు నీళ్ళు పారేలా కాలవలు తవ్వి, మా ఊళ్ళవాళ్ళతోనే మొక్కలు నాటించారు. అక్కడ మడ మళ్ళీ లేచింది. మండపీతలూ వచ్చాయి. 1996 తుపాను చూసినవాళ్ళకి, తుపానుకి అడ్డుగా నిలిచే మడ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కూలి ఇచ్చి, మాతో కలిసి చేసిన పని నిలబడింది. బోర్డు పాతి వెళ్ళిపోయిన చోట గొడవే మిగిలింది.

జగన్నాథపురం:
వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, దానికి భృతి ఉంది. తాబేళ్ళు వచ్చే నెలల్లో ఆ ఊసే లేదు.

భైరవపాలెం కుర్రోడు:
అల్లుడుగారూ, ఆ మహారాష్ట్ర ఫారం దొరికితే ఇక్కడ పెట్టండి. తెలుగులో రాసి మా సొసైటీ తరఫున అర్జీ ఇస్తాం.

అంతర్వేది అల్లుడు:
వెతికి పెడతాను. ఈలోపు మీవాళ్ళకి ఒక మాట చెప్పండి: తాబేలును వదిలేటప్పుడు బోటు నంబరు, కోసిన వల రెండూ కనబడేలా వీడియో తీయమనండి. వల ముక్కలు పారెయ్యొద్దు.