ఆత్మహత్య చేసుకున్నవాళ్ల వార్తలో ‘కారణం’ రాయాలా, వద్దా?

పేపర్ పురుగు: జిల్లా పేజీ తెరిస్తే రోజూ ఇదే వరస. ‘అప్పుల బాధ తాళలేక’, ‘భర్త మందలించాడని’, ‘మార్కులు తక్కువ వచ్చాయని’. నాలుగు లైన్ల వార్తలో పేరు, ఊరు, పాస్‌పోర్టు ఫొటో. మనిషి ఎందుకు పోయాడో తెల్లారేసరికే విలేకరికి ఎలా తెలిసిపోతుంది? కారణం రాయడమే మానేయాలంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలను బట్టి ప్రెస్ కౌన్సిల్ 2019లోనే ఇలాంటి వార్తలు ఎలా రాయాలో మార్గదర్శకాలిచ్చింది. పట్టించుకునేదెవరు? చివర మానసిక సాయానికి ఫోన్ చేయాల్సిన టెలీ మానస్ 14416 నంబరు వేయడానికి కూడా చాలాసార్లు చోటుండదు.

మాజీ కంట్రిబ్యూటర్: ఎలా తెలుస్తుందో నేను చెప్తా, మండల విలేకరిగా చేసినవాణ్ణి. ఇంట్లోవాళ్లు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలి. దుఃఖంలో వాళ్లకు రాయడం రాదు, పక్కనున్న ఎవరో రాసిపెడతారు. ‘కడుపునొప్పి భరించలేక’ అని రాస్తే ఎవరి మీదా అనుమానం ఉండదు, శవం తొందరగా ఇంటికొస్తుంది. రాత్రి ఫోన్లో ఎస్సై ఆ కాగితం చదివితే మేం రాసుకునేవాళ్లం. అత్తింటివాళ్లు రాయించిన కాగితమైతే తప్పంతా పోయిన అమ్మాయిదే. లైనుకింత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బులకు మళ్లీ ఆ ఊరెళ్లి పుట్టింటివాళ్లనూ అడిగేదెవరు?

పొలంగట్టు: పురుగు గారూ, మీ మాట సగమే ఒప్పుకుంటా. కౌలు రైతు చనిపోతే కారణం రాయకపోవడం ఎవరికి లాభం? 2004 నాటి జీవో 421 ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ విచారించి సాగు అప్పుల వల్లేనని తేలిస్తేనే కుటుంబానికి పరిహారం. అప్పట్లో లక్షన్నర, తెలంగాణలో 2015లో ఆరు లక్షలు చేశారు. పేపర్లో ‘కుటుంబ కలహాలు’ అని పడితే ఆ ఇంటివాళ్లు ఎంతమందికి సంజాయిషీ చెప్పుకోవాలి? అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చుంటే ఏ ఇంట్లో మొగుడూ పెళ్లాం గొడవ పడరు చెప్పండి! జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో ఆత్మహత్యల్లో 31.7 శాతం ‘కుటుంబ సమస్యల’ ఖాతాలో ఉన్నాయి. ఆ గంపలో ఎన్ని అప్పులు, ఎన్ని వేధింపులు కలిసిపోయాయో! మీరు మర్యాద అంటున్నది సర్కారుకు చక్కగా పనికొస్తుంది.

పేపర్ పురుగు: అయితే అప్పు సంగతే రాయమనండి. వడ్డీ ఎంత, కౌలు కార్డు ఉందా, బ్యాంకు ఎందుకు ఇవ్వలేదు. ‘తాళలేక’ అని తేల్చేస్తే ఇవేవీ రావు, ఆయన పిరికితనమొక్కటే మిగులుతుంది.

స్టడీ అవర్: 2019 ఏప్రిల్ తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? వరసగా పిల్లలు పోతుంటే మొదట్లో వార్తలన్నీ ‘ఫెయిలయ్యానన్న మనస్తాపంతో’ అనే. తీరా చూస్తే తెలుగులో సున్నా పడ్డ ఒకమ్మాయికి తర్వాత 99 వచ్చాయి! ఫలితాల తయారీలో తప్పులున్నాయని ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీయే చెప్పింది. మొదటి రోజు రాసిన కారణం పిల్లల మీద పడింది, అసలు వార్త ఇంటర్ బోర్డు దగ్గరుంది. నేను పాఠాలు చెప్పేదాన్ని, ఆ వారం క్లాసులో ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు. అందుకే పురుగు గారి వైపే నేను, కనీసం మొదటి రోజు వరకు.

పొలంగట్టు: మొదటి రోజు రాయకపోతే రెండో రోజు రాస్తారా మేడమ్?

మాజీ కంట్రిబ్యూటర్: రాయరు. నేనొకసారి దినకర్మ అయ్యాక ఆ ఇంటికెళ్లి, ప్రైవేటు అప్పుల చిట్టా చూసి పూర్తి కథనం పంపాను. పాత వార్త అని డెస్కువాళ్లు పక్కన పడేశారు. రోజుకో పేజీ మనవాళ్ల కార్యక్రమాలకు మాత్రం దొరుకుతుంది, ఎమ్మెల్యే గారి పుట్టినరోజైతే ఫొటోలతో సహా. ఆ పేజీలోంచి అరకాలమ్ ఇప్పించండి, మొదటి రోజు ‘విచారణ జరుగుతోంది’ అని రాసి ఊరుకోమని మా పాత తోటివాళ్లకు నేనే చెప్తా.