ఐస్ డబ్బాలో తెచ్చిన రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయా? పొద్దున 34 వేలు, రాత్రి 1.18 లక్షలు!

బోడుప్పల్_బాబు:
నాన్నకి జ్వరం నాలుగో రోజు. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళారు. బైక్ మీద డబ్బాలో గడ్డకట్టిన జెల్ ప్యాకులు, వాటి మధ్యలో ట్యూబ్. మధ్యాహ్నం మూడింటికి ఫోన్‌కి రిపోర్టు వచ్చింది, ప్లేట్‌లెట్లు 34 వేలు. అసలే డెంగీ సీజను, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆసుపత్రికి పరిగెత్తాం. ఫోన్‌లో అంకె చూసి నేరుగా ఐసీయూ అన్నారు, అడ్వాన్సు కట్టించుకున్నారు. రాత్రి వాళ్ళు తీసిన రక్తంలో 1.18 లక్షలు. ఒక్క రోజులో మూడింతలు ఎలా పెరుగుతాయి? ఐస్‌లో పెట్టడం వల్లే చచ్చిపోయాయని నేనంటాను. ల్యాబ్ మీద కేసు వెయ్యొచ్చా?

ఊదామూత:
ల్యాబ్‌లో పనిచేసేవాడిగా చెప్తున్నా, వెయ్యొద్దు, నవ్వుతారు. సీబీపీకి, అంటే రక్తకణాల లెక్క పరీక్షకి, తీసేది ఊదా మూత ట్యూబ్‌లో. అందులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి గడ్డకట్టదు. ఆ ట్యూబ్ మామూలు గది వేడిలో, అంటే 18 నుంచి 25 డిగ్రీల్లో, ఒక రోజు వరకు బాగానే ఉంటుంది. 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టినా లెక్క పెద్దగా మారదు. ట్యూబ్ ఊరికే ఉంచేస్తే ప్లేట్‌లెట్లు ఉబ్బుతాయి, ఎంపీవీ, అంటే వాటి సగటు సైజు, పెరుగుతుంది, అంతే. 1.18 లక్షలు 34 వేలు కావు. రక్తం తీశాక ట్యూబ్‌ని ఎనిమిది పది సార్లు మెల్లగా తిరగేయకపోతే మాత్రం చిన్న గడ్డలు కట్టి లెక్క పడిపోతుంది. దాన్ని ఐస్ మీదకి తోయకండి.

తార్నాక_అత్తయ్య:
నేను బ్లడ్ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను బాబూ. ప్లేట్‌లెట్ సంచుల్ని మేము ఏనాడూ ఫ్రిజ్‌లో పెట్టలేదు. 20 నుంచి 24 డిగ్రీల్లో, నిదానంగా ఊగే యంత్రం మీద, ఐదు రోజులు. చలి తగిలితే పళ్ళెంలా ఉండే ప్లేట్‌లెట్ గుండ్రంగా ముడుచుకుని ముళ్ళు వేస్తుంది. ఎక్కించినా లివర్ వెంటనే ఏరేస్తుంది. అలాంటప్పుడు ఐస్ వల్ల ఏమీ కాదని ఎలా అంటారు?

ఊదామూత:
మేడమ్, మీరు చెప్పేది ఎక్కించే సంచి గురించి. నేను చెప్పేది లెక్కపెట్టే ట్యూబ్ గురించి. ముడుచుకున్నా మిషన్ దాన్ని ఒకటిగానే లెక్కేస్తుంది.

పాతబస్తీ_పరేషాన్:
బొప్పాయి ఆకు రసం ఇవ్వండి భయ్యా, దెబ్బకి పెరుగుతాయని అందరూ అంటారు.

ఊదామూత:
మొదలైంది.

తార్నాక_అత్తయ్య:
మీ ట్యూబ్ గురించే చెప్తా, వినండి. కొందరి రక్తంలో ఈడీటీఏ తగిలాక ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మిషన్ ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా గుర్తుపట్టదు, ఒక్కోసారి తెల్లకణాల్లో కలిపేస్తుంది. అవి ఒంట్లో తగ్గినట్టు కాదు, ట్యూబ్‌లో తగ్గినట్టు కనిపిస్తాయి. సమయం గడిచేకొద్దీ, చల్లబడేకొద్దీ ఈ అతుక్కోవడం ఎక్కువవుతుంది. అందుకే 37 డిగ్రీలకి వేడిచేసి చూస్తారు, లేదా ఈడీటీఏ బదులు సిట్రేట్ ద్రవం ఉండే నీలం మూత ట్యూబ్‌లో తీసి, ఆ ద్రవంతో రక్తం కొంచెం పలచబడుతుంది కాబట్టి వచ్చిన లెక్కని 1.1తో గుణిస్తారు. ఇప్పుడు చెప్పండి, చలికి పాత్ర లేదా?

ఊదామూత:
వెయ్యి మందిలో ఒకరికి ఉండే విషయం అది. పైగా ఆసుపత్రిలోనూ ఊదా మూతే కదా, అక్కడ ఎందుకు అతుక్కోలేదు?

తార్నాక_అత్తయ్య:
అక్కడ తీసిన పది నిమిషాల్లో మిషన్‌లో పెట్టి ఉంటారు. ఇక్కడ పొద్దున ఏడు నుంచి ట్యూబ్ ఊరంతా తిరిగింది.

బోడుప్పల్_బాబు:
చూశారా! అత్తయ్యగారు చెప్పారు, ఐస్ వల్లే.

తార్నాక_అత్తయ్య:
నేను అలా అనలేదు బాబూ. కావచ్చు అన్నాను.

ఊదామూత:
ఐస్ డబ్బా ఎందుకు పెడతారో తెలుసా? అదే డబ్బాలో షుగర్, లివర్ టెస్టుల ట్యూబులు ఇరవై ఇళ్ళవి ఉంటాయి. మే నెలలో ఉప్పల్ రోడ్డు మీద 42 డిగ్రీలు. మరీ వేడెక్కితే ఎర్రకణాలు తునకలై, ఆ తునకల్నే మిషన్ ప్లేట్‌లెట్లని లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. అది ఇంకా ప్రమాదం, ఉన్న జబ్బు కనపడదు. ట్యూబ్‌ని జెల్ ప్యాక్‌కి ఆనించకూడదు, మధ్యలో గుడ్డ పెట్టాలి, అది ఒప్పుకుంటా. చలికి రక్తం మంచులా గడ్డకడితే ఎర్రకణాలు పగులుతాయి. కానీ ఎండలో బైక్ నడిపేవాడి జీతం ఎంతో మీకెవరికైనా తెలుసా?

బోడుప్పల్_బాబు:
జీతాల సంగతి నాకెందుకు సార్? మా అమ్మ రాత్రంతా ఐసీయూ బయట నేల మీద కూర్చుంది. మీకు అది కనపడదు, ట్యూబ్ కనపడుతుంది.

ఊదామూత:
నాకూ ఒక సంగతి ఉంది. ఒకసారి లెక్క అనుమానంగా ఉంటే రిపోర్టు ఆపి, రక్తం చుక్కని సూక్ష్మదర్శిని కింద స్లైడ్ మీద చూశాను. గంట ఆలస్యం. కస్టమర్ ఒక స్టార్ ఇచ్చాడు, నా జీతంలో కోత. ‘ఆరు గంటల్లో రిపోర్టు’ కావాలన్నది మీరే.

మల్కాజిగిరి_మూర్తి:
బాబు గారూ, రిపోర్టులో అంకె కింద రిమార్కులు ఉంటాయి కదా. అది పెట్టండి.

బోడుప్పల్_బాబు:
రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: ‘ప్లేట్‌లెట్ గుంపులు కనిపించాయి, మళ్ళీ నమూనా ఇవ్వగలరు.’ ఎవరు చూస్తారు అది? 34 వేలు మాత్రం ఎర్రగా, లావుగా వేశారు.

ఊదామూత:
అంటే ల్యాబ్ చెప్పింది! స్లైడ్ చూసి మరీ చెప్పింది. చదవకపోతే వాళ్ళ తప్పా?

బోడుప్పల్_బాబు:
చెప్పడం అంటే అదా? అది వాళ్ళని వాళ్ళు కాపాడుకోవడం. ప్రమోషన్ ఆఫర్లకి రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తారు, దీనికి ఒక్క ఫోన్ చెయ్యరా? పోనీ ఆసుపత్రి వాళ్ళు ముందు ఇంకోసారి రక్తం తీసి, తర్వాత ఐసీయూ అనొచ్చుగా?

తార్నాక_అత్తయ్య:
ఇదీ అడగాల్సింది. రక్తస్రావం లేకపోతే డెంగీలో లెక్క పదివేలకి పడిపోయే దాకా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పనే లేదు. బీపీ, హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), మూత్రం, కడుపునొప్పి చూడాలి. ఒక్క అంకె చూసి ఐసీయూ ఏమిటి?

పాతబస్తీ_పరేషాన్:
1897లో రొనాల్డ్ రాస్ బేగంపేటలో కూర్చుని దోమ కడుపులో మలేరియా పురుగుని కంటితో చూశాడు. ఇప్పుడేమో మిషన్ చెప్తే చాలు, ఎవడూ సూక్ష్మదర్శిని ముట్టడు.

ఊదామూత:
ముట్టాడు భయ్యా, పైన రిమార్కు చదవలేదా? ఫోన్ చెయ్యడం టెక్నీషియన్ పని కాదు, కస్టమర్ కేర్ పని.

బోడుప్పల్_బాబు:
కస్టమర్ కేర్‌కి చేస్తే టెక్నీషియన్‌ని అడగమన్నారు.

మల్కాజిగిరి_మూర్తి:
నాన్నగారికి ఇప్పుడెలా ఉంది?

బోడుప్పల్_బాబు:
నిన్న డిశ్చార్జి చేశారు, జ్వరం లేదు. రేపు మళ్ళీ సీబీపీ రాశారు. ఈసారి నీలం మూత ట్యూబ్ కూడా అడుగుతా, ల్యాబ్‌కి నేనే తీసుకెళ్తా. బిల్లు సంగతి మాత్రం వదలను.

ఊదామూత:
నీలం మూతకి గీత దాకా నింపమని చెప్పండి, తక్కువైతే లెక్క తేడా వస్తుంది. అది కూడా ఐస్ వల్లే అంటారు మళ్ళీ.