ఐస్ హాకీ: రిఫరీ చెయ్యెత్తినా ఆట ఎందుకు ఆగలేదు?

ప్రశ్న (కెనడాలోని ఎడ్మంటన్ నుంచి):
మేం ఖమ్మం నుంచి ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. నిన్న మొదటిసారి మా అబ్బాయితో ఇక్కడి ఐస్ హాకీ జట్టు ఆయిలర్స్ మ్యాచ్‌కి వెళ్లాను. మామూలు హాకీలో గ్రీన్ కార్డు, ఎల్లో కార్డు నాకు తెలుసు. ఇక్కడ మాత్రం ఏమీ అర్థం కాలేదు. రిఫరీ చెయ్యి పైకెత్తాడు, విజిల్ మాత్రం వేయలేదు. ఈలోగా మన గోలీ (గోల్‌కీపర్) గోల్ వదిలేసి బెంచీ వైపు దూసుకెళ్లాడు! ఇంకోటి: ఒకసారి గోల్ పడగానే, శిక్షపడి పెనాల్టీ బాక్సులో కూర్చున్న ఆటగాడు బయటికొచ్చాడు. తర్వాత ఒకడు స్టిక్‌తో మనవాడి పెదవి పగలగొట్టాడు. అప్పుడు గోల్ పడినా వాడు అక్కడే కూర్చున్నాడు. ఎందుకని?

జవాబు 1 (కాల్గరీ నుంచి):
మా పాప టీమ్ ఆడేటప్పుడు పెనాల్టీ బాక్స్ తలుపు తీసి మూసే పని నాదేనండి. నాలుగేళ్లుగా అక్కడే నిలబడి నేర్చుకున్నాను కాబట్టి చెప్తాను.

చెయ్యెత్తాడంటే తప్పు చూశాడని అర్థం. కానీ బాధిత జట్టు దగ్గర పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఉండగా విజిల్ వేస్తే నష్టం వాళ్లకే కదా. అందుకే తప్పు చేసిన జట్టు పక్‌ని అందుకునేదాకా ఆగుతాడు. అందుకోగానే ఆట ఆగిపోతుంది, అంటే ఆ జట్టు గోల్ కొట్టే అవకాశమే లేదు. అలాంటప్పుడు గోలీ నిలబడి ఏం లాభం? ఆయన బెంచీకి వెళ్లి, బదులుగా ఒక ఫార్వర్డ్ దిగుతాడు. ప్రమాదం ఒక్కటే: సొంతవాళ్లు వెనక్కి కొట్టిన పక్ జారి తమ ఖాళీ గోల్‌లోకే వెళ్తే అది గోలే.

ఇక బాక్స్ సంగతి. కబడ్డీలో మనం అవతలివాణ్ణి అవుట్ చేస్తే మనవాడు లోపలికొస్తాడు. ఇక్కడ తలకిందులు. రెండు నిమిషాల మైనర్ పెనాల్టీలో, ఎదుటి జట్టు పవర్ ప్లేలో (అంటే ఇటువైపు ఒకడు బాక్సులో ఉండి, వాళ్లు ఎక్కువమంది ఆడుతున్నప్పుడు) గోల్ కొడితే శిక్ష అక్కడితో సరి. పెదవి పగిలిన కేసు వేరు. స్టిక్ పైకి లేచి రక్తం వస్తే డబుల్ మైనర్, రెండు రెళ్లు నాలుగు నిమిషాలు. మొదటి రెండు నిమిషాల్లో గోల్ పడితే ఆ సగమే పోతుంది, రెండో సగం అప్పుడు మొదలవుతుంది. కావాలని కొట్టలేదన్నా ఒప్పుకోరు. ఎవరి స్టిక్‌కి వాళ్లే బాధ్యులు. పిల్లల ఆటలు దగ్గరగా చూసేవాణ్ణి, ఈ రూలంటే నాకు చాలా గౌరవం. కొట్లాటకి పడే ఐదు నిమిషాల మేజర్‌లో అయితే ఎన్ని గోల్స్ పడినా పూర్తిగా కూర్చోవాల్సిందే.

జవాబు 2 (మాంట్రియల్ నుంచి):
గోల్ పడితే వదిలేయడం మొదటి నుంచీ లేదండి. 1955 నవంబర్ 5న మా మాంట్రియల్ జట్టు కెనేడియన్స్ ఆటగాడు జాన్ బెలివో, బోస్టన్ మీద ఒకే పవర్ ప్లేలో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. కెనేడియన్స్ పవర్ ప్లేని మిగతా జట్లు తట్టుకోలేకపోయారు. 1956–57 సీజన్ నుంచి రూల్ మార్చేశారు. మీ ఆయిలర్స్ కూడా తక్కువవాళ్లు కాదు, 2022–23లో పవర్ ప్లేల్లో 32.4 శాతం గోల్ చేశారు. ఎన్‌హెచ్ఎల్ (ఈ జట్లన్నీ ఆడే నేషనల్ హాకీ లీగ్) రికార్డు అది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు అర్థమైంది, చాలా థాంక్స్. మైదానం చుట్టూ ఉన్న అద్దానికేసి అంత గట్టిగా గుద్దితే ఊరుకుని, కాలికి స్టిక్ అడ్డం పెడితే శిక్ష ఎందుకు?

జవాబు 1:
పక్ దగ్గరున్నవాణ్ణి భుజంతోనో తుంటితోనో ఢీకొట్టడం ఆటలో భాగం. వెనకనుంచి బోర్డుకేసి (చుట్టూ ఉండే గోడకేసి) తోసినా, తలకి గురిపెట్టినా, పక్ వదిలేసి చాలాసేపయ్యాక గుద్దినా తప్పు. స్టిక్‌తో కాలికి అడ్డం పెడితే ట్రిప్పింగ్, ఒంటికి తగిలించి లాగితే హుకింగ్.

ఈసారి అబ్బాయిని రిఫరీ చేతులే చూడమనండి. మోకాలి కింద చేత్తో కొట్టుకుంటే ట్రిప్పింగ్. రెండు చేతులతో లాగుతున్నట్టు చూపిస్తే హుకింగ్. ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి నుదుటి దగ్గర పెడితే స్టిక్ పైకి లేచిందని. మా పాప ఆరేళ్లకే ఇవన్నీ నాకంటే ముందు చెప్పేసేది.