అప్‌డేట్: బఫెలో మంచు, మన నెల్లూరు వాన లెక్క

అమెరికాలోని బఫెలో నగరంలో ఉన్న మా అమ్మాయి 10 అంగుళాల మంచు పడిందంటే, మన నెల్లూరు లెక్కలో అది ఎంత వాన అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కరిగితే సుమారు అంగుళం నీళ్లు, అంటే 25 మిల్లీమీటర్లు. చలి బాగా ముదిరితే మంచు దూదిలా తేలికపడి నీళ్లు ఇంకా తక్కువే వస్తాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది బఫెలో పక్కనే ఉన్న ఈరీ సరస్సు సంగతి. చల్లగాలి ఆ సరస్సు మీదుగా వస్తూ తేమ పట్టుకుని బఫెలో మీద కుమ్మరిస్తుందట. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య గాలి బంగాళాఖాతం దాటొచ్చి మన జిల్లాను తడిపేదీ దాదాపు ఇలాగే! సరస్సు గడ్డకడితే మాత్రం ఆ మంచు బాగా తగ్గిపోతుంది. అందుకే ఫోర్‌కాస్ట్‌లో చలి పెరుగుతుందని చూసినా ఇప్పుడు టెన్షన్ పడటం లేదు. సరస్సు గడ్డకట్టిందా అని ముందు అమ్మాయిని అడుగుతున్నాను.