అనంతపురంలో డిగ్రీ: స్పానిష్, సంగీతం తీసుకుంటానంటోంది పాప. చేర్పించాలా, వద్దా?

ధర్మవరం నాన్న:
మా పాపకు ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులే వచ్చినాయి. ఇంజనీరింగ్ సీటూ వస్తాది. కానీ అనంతపురంలో ఒక చిన్న కాలేజీలో బీఏ చేరతానంటోంది, స్పానిష్, కర్ణాటక సంగీతం తీసుకుని. క్లాసులో పద్నాలుగు మంది కూడా ఉండరంట. నేను మగ్గం నేసేవాణ్ణి, ఒక్కతే బిడ్డ. బీటెక్ చెయ్యమ్మా అన్నప్పటి నుంచి సరిగా అన్నం తినడం లేదు. చదువుకున్నోళ్లు మీరు, ఉన్నదున్నట్టు చెప్పండి.

కడప కామర్స్ మాస్టర్:
వద్దన్నా. ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. చిన్న కాలేజీల్లో భాష చెప్పేవాళ్లు నిలవరు. నేను ముందు పనిచేసిన చోట ఫ్రెంచ్ పెట్టినారు. రెండో ఏడాది దసరా సెలవులకు పోయిన సారు మళ్లీ రాలేదు. పిల్లలు గైడు బట్టీపట్టి పాసయినారు, నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు లేరు. వాళ్ల మూడేళ్లు ఎవరు తెచ్చిస్తారు? సంగీతం బీటెక్ చేస్తూ సాయంత్రాలు నేర్చుకోవచ్చు.

బత్తలపల్లి:
మాస్టారూ, స్పానిష్ మన అనంతపురానికి కొత్తేం కాదు. బార్సిలోనాలో పుట్టిన ఫాదర్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసినారు. ఆయన పెట్టిన ఆర్డీటీ అనే సేవాసంస్థకు స్పెయిన్ నుంచి దాతలు, డాక్టర్లు ఇప్పటికీ వస్తుంటారు. మా ఊరి పిల్లోళ్లు రాసిన ఉత్తరాలను స్పానిష్‌లోకి మార్చి పంపేవాళ్లు ఇక్కడే ఉన్నారు.

కడప కామర్స్ మాస్టర్:
ఫాదర్ అంటే నాకూ గౌరవమే. కానీ ఒక్క సంస్థను నమ్ముకుని ఎంతమంది పిల్లలు భాష నేర్చుకుంటారు?

తాడిపత్రి వయొలిన్:
నాన్నగారూ, నేను పదకొండేళ్లు వయొలిన్ నేర్చుకున్నాక స్పానిష్ మొదలుపెట్టినదాన్ని. పాప ఈ రెండూ కలిపి అడగడంలో అర్థం ఉంది.

మనం ఇంగ్లీషుకు భయపడేది రాతకూ పలుకుకూ పొంతన లేకనే. స్పానిష్‌లో అచ్చులు ఐదే, దాదాపు రాసినట్టే పలుకుతారు. వాళ్ల 'త', 'ద' దాదాపు మనవే, ఇంగ్లీషువాళ్ల 'ట', 'డ' కాదు. 'పెరో' అంటే 'కానీ'. అదే ర‌ను గట్టిగా దొర్లిస్తే 'కుక్క'. మన పాత పుస్తకాల్లోని బండి ఱ గుర్తొచ్చింది నాకు. ఇంకా నచ్చింది ఒకటుంది. 'మే గుస్తా లా మూసికా' అంటే 'నాకు సంగీతం ఇష్టం'. 'నేను' కాదు, 'నాకు'. ఇంగ్లీషులో ఎదురు తిరిగే వాక్యం ఇక్కడ మన దారిలోనే నడుస్తుంది. ఆ రోజు క్లాసులో నాకు కళ్లు చెమర్చినాయి.

తాళం సంగతి చూడండి. స్పెయిన్ వాళ్ల ఫ్లమెంకో సంగీతంలో సొలెఆ అనే పద్ధతికి పన్నెండు దెబ్బల చుట్టు. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద బరువు పడుతుంది. తకిట తకిట తక తక తక అనుకోండి, ఊపు మాత్రం ప్రతి ముక్క చివర. మన ఏడు దెబ్బల మిశ్రచాపు తాళం వేసిన చేతికి అది రెండు రోజుల పని. ఉరుములనే మన జానపద వాయిద్యం వింటూ పెరిగిన మన పిల్లలకు చెప్పనే అక్కర్లేదు. సంగీతం చెవిని సానపడుతుంది, ఆ చెవితోనే భాష పట్టుబడుతుంది. దీన్ని సాయంత్రం కాలక్షేపమంటే ఒప్పుకోను మాస్టారూ. వర్ణం నిలబడాలంటే పొద్దున్నే రెండు గంటలు కూర్చోవాలి, బీటెక్ పిల్లకు ఆ రెండు గంటలు ఎక్కడివి?

పద్నాలుగు మంది లేని క్లాసని భయపడొద్దు. నూట ఇరవై మందిలో అపశ్రుతి ఎవరిదో టీచరుకు ఎట్లా తెలుస్తుంది?

ఆదోని అక్క:
నేను హైదరాబాదులో ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునే పనిలో ఉన్నా. డిగ్రీ పేరు కంటే మాట్లాడగలరా అని చూస్తాం. చిన్న కాలేజీ సర్టిఫికెట్టు చూపి 'స్పానిష్ వచ్చు' అంటే చాలదు.

తాడిపత్రి వయొలిన్:
అందుకే కాలేజీ మార్కుల మీదే ఆధారపడొద్దంటాను. ఇన్‌స్టిటూటో సెర్వాంతెస్ అనే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ పెట్టే డెలె అనే స్పానిష్ పరీక్ష ఉంది, ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్టుకు కాలం తీరదు. మూడేళ్లలో బీ2 అందుకుంటే, హైదరాబాదు ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) పీజీకి గట్టిగా ప్రయత్నించొచ్చు.

కడప కామర్స్ మాస్టర్:
ఆ పరీక్ష మాట బాగుంది తల్లీ, అది రాయిస్తే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం అట్లే ఉంది. అన్నా, చేర్చే ముందు కాలేజీకి పోయి రెండే అడుగు: స్పానిష్ చెప్పేవాళ్లు ఎన్నేళ్లుగా ఉన్నారు? మధ్యలో పోతే ఎవరు చెప్తారు? నీళ్లు నమిలితే తిరిగి వచ్చెయ్. సంగీతం టీచరుకు ఇచ్చే జీతం కూడా కనుక్కో. జీతం సరిగా అందకపోతే ఆమె కూడా నిలవదు.

ధర్మవరం నాన్న:
అందరికీ దండం. సోమవారం నేనూ పాపా పొద్దున బస్సుకు పోతున్నాం. మాస్టారు చెప్పినవి కాగితం మీద రాసుకున్నా. ఒక గంట క్లాసులో కూర్చోనిస్తారా అని కూడా అడుగుతా. ఇది చదివి వినిపిస్తే పాప 'తకిట తకిట తక తక తక' అని మగ్గం పలక మీద వాయించింది, రెండోసారికే పట్టుకుంది. రాత్రి అన్నం తినింది.