రిమోట్ నొక్కితే లాక్ పడి వెంటనే తెరుచుకుంటోంది, వెనక ఎడమ డోర్ సరిగ్గా పలకట్లేదు

చెరువుగట్టు, అల్లూరు:
2014 మోడల్ చిన్న కారు. బేస్ మోడల్ కాబట్టి సెంట్రల్ లాకింగ్ బయట వేయించిన రిమోట్ కిట్టు. ఇప్పుడు రెండు తిప్పలు. రిమోట్‌లో లాక్ నొక్కితే టక్కుమని పడి, ఆ వెంటనే నాలుగూ తెరుచుకుంటున్నాయి. రోజూ కాదు, ముసురు పట్టినప్పుడు ఎక్కువ. ఇంకోటి, వెనక ఎడమ డోర్ ఒక్కోసారి లాక్ అవుతుంది, ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. నాలుగు మోటార్లూ కంట్రోల్ యూనిట్టూ మార్చాలంటున్నారు షాపులో. అంత అవసరమా? మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

ఫ్యూజుపెట్టె, ఒంగోలు:
అన్నీ మార్చమనడం తేలిక, ఎక్కడ పోయిందో వెతికే పని తప్పుతుంది. మీవి రెండూ వేర్వేరు జబ్బులు, కలిపి చూడొద్దు.

ముందు బ్యాటరీ చూడండి. బండి ఆపిన కొన్ని గంటల తర్వాత 12 వోల్టుల లోపు చూపిస్తే ఛార్జ్ చేశాకే మిగతా పని. నాలుగు మోటార్లు ఒకేసారి లాగినప్పుడు వోల్టేజి పడిపోయి యూనిట్ తిక్కతిక్కగా చేస్తుంది.

పడి తెరుచుకోవడానికి నా అనుమానం డ్రైవర్ డోర్ మీదే. మిగతా మూడు డోర్ల మోటార్లకు రెండేసి వైర్లు. డ్రైవర్ డోర్‌దానికి మాత్రం 5. నీలం, ఆకుపచ్చ మోటారువి. తెలుపు, గోధుమ, నలుపు లోపలున్న చిన్న స్విచ్చువి. బయట కిట్లలో మామూలుగా ఇవే రంగులు. తాళంతో తిప్పినా, నాబ్ నొక్కినా యూనిట్‌కు కబురు పంపేది ఆ స్విచ్చే. దాంట్లో తేమ చేరినా, కాంటాక్టు అరిగినా లాక్ పడ్డ వెంటనే "తెరిచారు" అని తప్పుడు కబురు పోతుంది. యూనిట్ చెప్పినట్టు విని అన్నీ తెరిచేస్తుంది.

తేల్చుకోవడానికి డ్రైవర్ డోర్ ప్యానెల్ ఊడదీసి ఆ 5 వైర్ల ప్లగ్గు పీకేయండి. ఇప్పుడు రిమోట్ నొక్కితే మిగతావి పడి అలాగే ఉన్నాయా? అయితే యూనిట్‌కు ఏమీ కాలేదు. పీకిన ప్లగ్గులో మోటారు వైపు నలుపుకీ తెలుపుకీ, నలుపుకీ గోధుమకీ మధ్య మీటర్ బీప్ పెట్టి, మోటారును డోర్ లాక్‌కు కలిపే రాడ్డును చేత్తో ఆడించండి. ఒక చివర ఒకటి, ఇంకో చివర ఇంకోటి మోగాలి. రెండూ మోగినా, చివరికొచ్చాక ఆగి ఆగి మోగినా ఆ మోటారొక్కటి మారిస్తే చాలు.

మార్చేముందు రాడ్డు బిగించిన క్లాంపు స్క్రూ కూడా చూడండి. ఈ మోటార్ల కదలిక సుమారు 18 నుంచి 20 మిల్లీమీటర్లు. క్లాంపు జారితే డోర్ లాక్ పూర్తిగా పడుతుంది, స్విచ్చు మాత్రం చివరిదాకా పోదు. అప్పుడూ ఇదే లక్షణం. దీనికి పైసా ఖర్చు లేదు.

ఉప్పుగాలి, మైపాడు:
వెనక డోర్ సంగతి. రెండు వైర్ల మోటారుకు లాక్ కైనా, అన్‌లాక్ కైనా అవే రెండు వైర్లు. ప్లస్సూ మైనస్సూ తారుమారవుతాయి, అంతే. కాబట్టి ఒక వైరు తెగితే రెండు పనులూ ఆగాలి. లాక్ అయి అన్‌లాక్ కాకపోతే అది వైరు కాదు, లాక్ బిగుసుకుపోవడమో మోటారు నీరసమో. మీ డోర్ ఏం చేస్తోంది? డోర్ తెరిచి మూసే కోణాన్ని బట్టి మారుతోందా?

మీటర్‌తో పాటు 12 వోల్టుల 5 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి పెట్టుకోండి. రిమోట్ నొక్కినప్పుడు మోటారు ప్లగ్గుకు వచ్చే కరెంటు (పల్స్) సగం సెకను ఉంటే గొప్ప, మీటర్ అంకె తిరిగేలోపు అయిపోతుంది. పైగా వైరులో ఒక్క పోగు మిగిలున్నా మీటర్ 12 చూపిస్తుంది, ఆ పోగు మోటారును మాత్రం లాగలేదు. బల్బు దగ్గర ఆ మోసం సాగదు.

చెరువుగట్టు, అల్లూరు:
ప్లగ్గు పీకితే మిగతా డోర్లు బుద్ధిగా ఉన్నాయి. రాడ్డు ఆడిస్తే రెండు వైపులా ఒకేసారి బీప్ వస్తోంది, క్లాంపు గట్టిగానే ఉంది. కాబట్టి డ్రైవర్ డోర్ మోటారు తేలిపోయింది. వెనక డోర్ బార్లా తెరిస్తే బల్బు మిణుకుమంటుంది, సగం మూస్తే బాగా వెలుగుతుంది. అదే డోర్ స్పీకర్ కూడా గరగరమంటోంది. ప్లగ్గు పిన్నుల మీద పచ్చగా చిలుము ఉంది, దాంట్లో స్ప్రే కొట్టేదా?

ఉప్పుగాలి, మైపాడు:
స్పీకర్ కూడా చెప్పారు కాబట్టి ఇక సందేహం లేదు. బి పిల్లర్‌కీ (ముందు, వెనక డోర్ల మధ్య స్తంభం) డోర్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో వైర్లు చిట్లాయి. మోటారు జోలికి పోవద్దు.

బ్యాటరీ నెగటివ్ తీసి గొట్టం రెండు వైపులా ఊడదీయండి. బయట ఇన్సులేషన్ బాగున్నట్టే కనబడుతుంది, ఒక్కో వైరును వేలితో వంచుతూ పోతే చిట్లిన చోట మెత్తగా వంగిపోతుంది. అక్కడ కోసి ముక్క అతకొద్దు. గొట్టానికి ఇవతలా అవతలా నిటారుగా ఉన్న చోటు దాకా కోసి, మధ్యలో 0.75 లేదా 1 చదరపు మిల్లీమీటరు పోగుల వైరు కొత్తది వేయండి. ఇంటి వైరింగులో వాడే గట్టి వైరు పనికిరాదు. సోల్డర్ పెట్టిన చోట వైరు బిరుసెక్కుతుంది, అది వంగే చోట పడితే పక్కనే మళ్లీ తెగుతుంది. అతుకులన్నీ ఒకే చోట రాకుండా ఒకటి పైకీ ఒకటి కిందికీ వేసి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి.

చెరువుల వైపు, సముద్రం వైపు తిరిగే బండ్లలో ఇంకో సమస్య. ఇన్సులేషన్ తీస్తే లోపల రాగి నల్లగా ఉంటుంది, దానికి సోల్డర్ పట్టదు. ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా కొంచెం కొంచెం కోస్తూ పోవాలి.

ఫ్యూజుపెట్టె, ఒంగోలు:
చిలుము ఒక్క స్ప్రేతోనే పోదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చిన్న బ్రష్షుతో గీకి, ఆరాక పిన్నులకు డైఎలక్ట్రిక్ గ్రీజు (తేమ చేరకుండా ఆపేది) పలచగా రాయండి. ఆడ పిన్ను వదులైతే సూదితో కాస్త దగ్గరికి నొక్కండి. యూనిట్ ఎర్త్ బోల్టు మామూలుగా డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది, దాన్ని కూడా పెయింటు లేకుండా గీకి బిగించండి. ఫ్యూజు ఎప్పుడైనా పోతే ఉన్న ఆంపియరే వేయాలి, పెద్దది వేస్తే ఈసారి కాలేది వైరు.

ప్యానెల్ మూసేముందు లోపలి ప్లాస్టిక్ షీటు బ్యుటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) చుట్టూ అంటించండి. చాలామంది చింపి పారేస్తారు, అద్దం మీద నుంచి దిగే వాననీళ్లు నేరుగా మోటారు మీద పడేది అప్పుడే. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుంటే పుల్లతో పొడిచి తెరవండి. కార్తీకం వానల్లోపు ఈ రెండూ అయిపోవాలి.